"నామీద ఒట్టు, ఎవరికీ చెప్పకండి" అన్నాడు

ఉత్తర సరిహద్దులో కొండ మీద ఉన్న ఒక ఆర్టిలరీ యూనిట్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. గుర్తు పట్టే వివరాలన్నీ తీసేశాం. రాసినాయనకు 32 ఏళ్ళు. కోస్తాలో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. తిరుపతిలో సంస్కృతం చదువుకున్నారు. సైన్యంలో ధర్మగురువుగా, నాయబ్ సుబేదార్ హోదాలో చేరారు. పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ పూర్తి చేసుకుని ఈ యూనిట్‌కి వచ్చి ఎనిమిది నెలలైంది. రెండు పూటలా ఆరతి, ఆదివారం మందిర్ పరేడ్, పండగలు, ఆయుధపూజ ఆయన చూసుకుంటారు.

నెల కిందట యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ సీఓ సాబ్ "జవాన్లకు మనోబలం పెంచే ప్రవచనం చెప్పండి" అన్నారట. ఆ ఆదివారం ఈయన "స్వధర్మే నిధనం శ్రేయః" (తన ధర్మంలో చావైనా మేలే) అనే గీతా వాక్యం తీసుకుని నలభై నిమిషాలు చెప్పారు. పరేడ్ అయ్యాక ప్రసాదం పంచుతుంటే ఒక తెలుగు కుర్రాడు హల్వా దోసిట్లో పట్టుకుని తినకుండా నిలబడ్డాడు. 22 ఏళ్ళవాడు, నాలుగేళ్ళ పథకం కింద చేరిన అగ్నివీర్, మూడో సంవత్సరం. "అంటే చావడం మంచిదేనా పంతులుగారూ?" అని అడిగాడు. ఈయన నవ్వి, సందేహం అనుకుని, శ్లోకానికి ఇంకోసారి అర్థం చెప్పి పంపేశారు.

ఆ తర్వాత వాడు సాయంత్రాలు ఆరతికి రావడం మొదలుపెట్టాడు. ఆరతి జరుగుతున్నంతసేపూ జేబులో ఫోన్ వణుకుతూనే ఉంటుంది, వాడు దాన్ని పైనుంచి చేత్తో నొక్కి పట్టుకుంటాడు. నాలుగో సాయంత్రం అంతా చెప్పేశాడు. క్రికెట్ బెట్టింగ్. ఏడు లోన్ యాప్‌లలో 3,60,000, తోటివాళ్ళ దగ్గర చేబదులు 90,000. యాప్‌ల వాళ్ళు వాడి ఫోన్లోని నంబర్లన్నీ లాగేసి, చెల్లెలి ఫొటో మార్చి బంధువులకు పంపారు. రెండు వారాలుగా నిద్ర లేదు. "నేనొక్కణ్ణి లేకపోతే ఇంట్లోవాళ్ళకి ఈ పీడ వదుల్తుంది" అన్నాడు. వారానికి రెండు రాత్రులు వాడికి రైఫిల్‌తో గార్డ్ డ్యూటీ. వెళ్ళేముందు ఈయన చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుని "నామీద ఒట్టు, ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఈయన సరేనన్నారు.

"ఇప్పుడు ఒట్టు తప్పితే వాడికేమైనా అవుతుందని భయం. అమెరికా సైన్యంలో మతగురువులు ప్రాణం పోయినా రహస్యం చెప్పరని చదివాను, నా ధర్మం కూడా అదే కదా? నేను చెబితే నాలుగేళ్ళ తర్వాత ఉంచుకునే పాతికశాతంలో వాడి పేరు పోతుంది. ఇక మిగతా కుర్రాళ్ళెవరూ నా దగ్గరికి రారు. అసలు నేను చెప్పే ప్రవచనాల వల్ల వీళ్ళకు ఏం ఒరుగుతోందో కూడా తెలియడం లేదు" అని ముగించారు.

ఈ ఉత్తరం అచ్చులో వచ్చేదాకా ఆగేది కాదు కాబట్టి, కింద రాసిన వాటిలో వెంటనే చేయాల్సినవి ఆయనకు అదే రోజు ఫోన్లో చెప్పాం. మిగతా యూనిట్లలో ఉన్న ధర్మగురువులకూ, జవాన్ల ఇళ్ళవాళ్ళకూ పనికొస్తుందని వివరంగా ఇస్తున్నాం.

సమాధానం:

పండిత్‌జీ, మీ ఉత్తరంలో చిక్కులు ఐదారు ఉన్నాయి. అందులో ఒకటే తొందరది. రెండు వారాలుగా నిద్రలేని కుర్రాడు, తను లేకపోతే బాగుండునని నోటితో అన్నవాడు, రాత్రిపూట ఒంటరిగా ఆయుధంతో నిలబడుతున్నాడు. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు ఒట్టు సంగతి. ఆ ఒట్టు మిమ్మల్ని ఎక్కడ పట్టుకుందో తెలుస్తూనే ఉంది. దేవుడిమీద వేయించుకుంటే ప్రాయశ్చిత్తం ఉంది, పుస్తకంమీద వేయించుకుంటే సర్దుకోవచ్చు. వాడు తనమీదే వేయించుకున్నాడు. అంటే మీరు నోరు విప్పితే పోయేది వాడి ప్రాణమే అన్న భయం మీ చేతిలో పెట్టి వెళ్ళాడు. కానీ మీరు చదువుకున్న శాస్త్రంలోనే దీనికి సమాధానం ఉంది. కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి అబద్ధం ఆడనని వ్రతం పట్టాడు. దొంగలు తరుముతుంటే కొందరు అడవిలోకి పారిపోయి దాక్కున్నారు. దొంగలొచ్చి అడిగితే కౌశికుడు నిజం చెప్పాడు. దాక్కున్నవాళ్ళు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. గాండీవం గురించి చేసిన ప్రతిజ్ఞ కోసం అన్నగారిమీదే కత్తి దూసిన అర్జునుడికి కృష్ణుడు ఈ కథ చెప్పాడు. మాట నిలబెట్టుకోవడం ఎవరి ప్రాణం తీస్తుందో చూసుకోకుండా నిలబెట్టుకున్నవాణ్ణి ఆయన ధర్మాత్ముడనలేదు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఇలాంటప్పుడు ఒట్టు తీసి గట్టుమీద పెట్టమంటారు. మీరూ తీసి గట్టుమీద పెట్టండి. వీలైతే వాడి ఎదుటే, వాడికి చెప్పి మరీ పెట్టండి.

ఇంకోటి. చావాలనే ఆలోచన ఉన్నవాడు ఎవరికీ చెప్పొద్దని వేడుకుంటూనే ఒకరికి చెప్పాడు. పూర్తిగా దాచుకోదలచినవాడు మీ దగ్గరికి నాలుగు సాయంత్రాలు నడిచి రాడు.

అమెరికా మాట కొంతవరకు నిజమే. అక్కడ సైనిక మతగురువుకి చాప్లిన్ అని పేరు. ఆయన కమిషన్డ్ ఆఫీసర్. 1775 నుంచీ ఆ వ్యవస్థ ఉంది. ఆయనకు ఆధ్యాత్మిక సలహాకోసం చెప్పుకున్న మాటను, చెప్పినవాడి అనుమతి లేకుండా బయటపెట్టకుండా వాళ్ళ సైనిక సాక్ష్య నియమాల్లో 503వ నియమం కాపాడుతుంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. భారతీయ సాక్ష్య అధినియం 2023 భార్యాభర్తల మధ్య మాటకూ, వకీలుకి చెప్పిన మాటకూ రక్షణ ఇచ్చింది. పూజారికో, పాదిరికో, గ్రంథీకో, మౌల్వీకో చెప్పిన మాటకు ఇవ్వలేదు. పైగా మీరు జేసీఓ, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్. పక్క జవానుకి ప్రమాదం ఉందని తెలిసీ ఊరుకుంటే, రేపు విచారణలో మిమ్మల్ని అడిగేది పండితుడిగా కాదు, జేసీఓగా. ఇక అక్కడి చాప్లిన్ కూడా ఇలాంటి కుర్రాణ్ణి రహస్యంతో పాటు ఒంటరిగా వదిలేసి పోడు. ఒప్పించి, పక్కన నడిచి, డాక్టరు గుమ్మం దాకా తీసుకెళ్తాడు. మీరు చదివినదాంట్లో ఈ సగం రాసి ఉండకపోవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, వాణ్ణి ఒప్పించి మీరే ఆర్ఎంఓ (యూనిట్ డాక్టరు) దగ్గరికి తీసుకెళ్ళడం. ముందు సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించావా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. చుట్టూ తిప్పి "పిచ్చి ఆలోచనలేం లేవు కదా" అని అడిగితేనే ప్రమాదం, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఎవరైనా "లేవండీ" అనే అంటారు. ఎలా, ఎప్పుడు అనేదానికి వాడి దగ్గర జవాబుంటే ఆ క్షణం నుంచి వాణ్ణి ఒంటరిగా వదలకండి. జవాబు లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, కాకపోతే మాట్లాడి ఒప్పించడానికి ఒక పూట వ్యవధి ఉంటుంది, ఆ పూటలో వాడికి రైఫిల్ డ్యూటీ లేకపోతేనే. "నేను నీతో వస్తాను, లోపల నువ్వే చెప్పు, నోరు రాకపోతే నేనందుకుంటాను" అనండి. ఇలా వెళ్తే వాడి గౌరవం వాడికి మిగులుతుంది, మీమీద నమ్మకమూ పోదు. చిక్కేమిటంటే, వాడు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుంటానని రేపు, ఎల్లుండి అని జరపొచ్చు. జరపడానికి మీరు ఇవ్వగల గడువు తర్వాతి గార్డ్ డ్యూటీ లోపే.

రెండోది, వాడు ఒప్పుకోకపోయినా చెప్పేయడం. ఎవరికి చెబుతారన్నదే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. ఆర్ఎంఓకి, వాడి దళాన్ని నడిపే బ్యాటరీ కమాండర్‌కి, ఈ ఇద్దరికే. మీకు సుబేదార్ మేజర్ సాబ్‌తో చనువుంటే ఆయన ద్వారా వెళ్ళొచ్చు, కానీ మధ్యలో నోరు ఒకటి పెరిగినకొద్దీ కబురు జవాన్లు భోంచేసే లంగర్‌కి చేరే అవకాశం పెరుగుతుంది. చెప్పేది కూడా కొలిచి చెప్పండి. డాక్టరుకి నిద్రలేమి, వాడన్న మాట, ఆయుధం డ్యూటీ, ఈ మూడూ. బ్యాటరీ కమాండర్‌కి "ఈ కుర్రాడి ప్రాణానికి ముప్పుందని నా అనుమానం, ఇవాళే గార్డ్ నుంచి తప్పించి డాక్టరుకి చూపించాలి" అన్నంతే. బెట్టింగ్, చేబదుళ్ళు, చెల్లెలి ఫొటో మీరు చెప్పాల్సిన విషయాలు కావు. అవి వాడు కుదుటపడ్డాక వాడి నోటితో చెప్పుకోవాలి. ఈ దారిలో వాడు మీమీద కోపం తెచ్చుకుంటాడు, కొన్నాళ్ళు మొహం చూడకపోవచ్చు. బతికున్న కుర్రాడి కోపం మీరు భరించగలరు.

డ్యూటీ మార్చడంలో జరిగే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, అందరూ వరసగా నిలబడే ఫాల్ ఇన్‌లో పేరు చదివి అందరిముందూ తీసేయడం. ఆ సాయంత్రానికే బరాక్‌లో వాడికి "పాగల్" అని పేరు పడుతుంది. హవల్దార్ మేజర్ రాసే డ్యూటీ లిస్టులోనే పేరు మారిపోవాలి, ఎవరైనా అడిగితే డాక్టరు మందులిచ్చాడన్న మాట చాలు. రెండోది ఇంకా పెద్దది. డాక్టరు రెస్ట్ రాసిచ్చాడు కదా అని బరాక్‌లో పడుకోబెట్టేస్తారు. పొద్దున పీటీకి, ఆ తర్వాత డ్యూటీలకు అందరూ వెళ్ళిపోతే ఖాళీ బరాక్‌లో వాడొక్కడే మిగులుతాడు. అలా కాకుండా పక్కన మనిషి ఉండే పని ఇప్పించండి, స్టోరులోనో లంగర్‌లోనో. వాడి జోడీ జవాను, అంటే బడ్డీ, రాత్రి పక్క మంచంమీదే పడుకోవాలి.

మూడోది చాలామంది మంచి మనసుతో ఎంచుకునే దారి: ఎవరికీ చెప్పకుండా మీరే రోజూ కూర్చోబెట్టుకుని, ధైర్యం చెప్పి, పారాయణ చేయించడం. దీన్ని వద్దనే అంటాను. పారాయణ వల్ల ఉపయోగం లేదని కాదు. రెండు వారాలు నిద్రలేనివాడి బుర్రకు శ్లోకం ఎక్కదు, ముందు నిద్ర రావాలి, అది డాక్టరు పని. పైగా మీరు సెలవు మీద వెళ్తే, లేక పక్క పోస్టుకి పూజకి వెళ్తే, ఆ రెండు రోజులూ వాడికి మనిషే ఉండడు.

నాలుగోది, సెలవిప్పించి ఇంటికి పంపడం. బ్యాటరీ కమాండర్ దయగలవాడైతే ముందు తట్టేది ఇదే. అగ్నివీర్‌కి ఏడాదికి 30 రోజుల సెలవు ఉంది కాబట్టి కాగితం మీద తేలిక. ఒంటరిగా రెండు పగళ్ళు, రెండు రాత్రులు రైల్లో కూర్చోబెట్టి, మార్ఫింగ్ ఫొటో చూసిన బంధువుల మధ్యకు పంపడం అది. డాక్టరు చూసి సరే అన్నాకనే, ఇంట్లో తండ్రికో అన్నకో ముందే చెప్పి, తోడు మనిషితో పంపితే సెలవు మందులా పనిచేస్తుంది. లేకపోతే కాదు.

పాతికశాతం భయం గురించి వాడికి అబద్ధం చెప్పకండి. ఆ భయం ఉత్తది కాదు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే యూనిట్ నుంచి రిపోర్టు వెళ్తుంది, వైద్య కేటగిరీ తాత్కాలికంగా తగ్గొచ్చు, ఎంపికలో ఆరోగ్యమూ చూస్తారు. కానీ తాత్కాలిక కేటగిరీని కొంతకాలం తర్వాత మళ్ళీ పరీక్షించి చూస్తారు, బాగుపడితే పైకి తెస్తారు. దీన్ని ఇంకోదానితో పోల్చమనండి: డ్యూటీలో ఆయుధంతో ఏదైనా జరిగితే, లేక అప్పులవాళ్ళ ఫిర్యాదు నేరుగా సీఓ సాబ్ టేబుల్ మీదికొస్తే, అప్పుడు రికార్డు ఎలా ఉంటుంది? ఆలోచన వచ్చిందని డాక్టరుకి చెప్పడం నేరమేమో అని కూడా కుర్రాళ్ళకు భయం ఉంటుంది. ఆర్మీ యాక్ట్ 64వ సెక్షన్ శిక్ష వేసేది ఆత్మహత్యా ప్రయత్నానికి. మనసులో మాట చెప్పుకుని సాయం అడిగినవాడికి కాదు.

వాడు యూనిట్‌లో ఎవరితోనూ మాట్లాడనంటే 14416కి ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సైనికుల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ప్రత్యేకంగా ఒక విభాగం కూడా పెట్టారు. ఫోన్ మీ గదిలోంచే చేయించి, మీరు బయట వరండాలో కూర్చోండి. డాక్టరుకి బదులుగా కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం రావడానికి.

ఇక అప్పు. 4,50,000 అనేది రాత్రి రెండు గంటలకు కొండలా కనిపిస్తుంది, పగటిపూట కాగితం మీద రాస్తే దాని కొలత తెలుస్తుంది. రాయించండి. అగ్నివీర్‌కి మూడో ఏడాది జీతం 36,500. అందులో 30 శాతం అగ్నివీర్ల పొదుపు నిధి అయిన సేవానిధికి పోగా చేతికొచ్చేది 25,550 దాకా. ఇంట్లోకి పంపగా అసలు మిగలదు, నిజమే. కానీ నాలుగేళ్ళు పూర్తయ్యేసరికి వాడి వాటా, ప్రభుత్వం వాటా, వడ్డీ కలిపి సేవానిధి 11.71 లక్షల దాకా వస్తుంది. అప్పు అందులో సగం కూడా లేదు. ఈ ఒక్క లెక్క చూపిస్తే వాడి మొహం కొంచెం తేటపడుతుంది. అయితే ఆ డబ్బు చూపించి కొత్త అప్పు తేవొద్దని అదే నోటితో చెప్పండి.

యాప్‌ల వాళ్ళ బలమంతా వాడు ఇంట్లో చెప్పుకోలేడన్న నమ్మకంలో ఉంది. కాబట్టి డాక్టరు తర్వాత మొదటి ఫోన్ తండ్రికి. మీరు పక్కనుండి చేయించండి. చెల్లెలి ఫొటో మార్చి పంపడం అప్పు వసూలు కాదు, నేరం. 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వాలి. ఫోన్లోంచి యాప్‌లు తీసేసే ముందే మెసేజ్‌లు, నంబర్లు, చెల్లింపుల రసీదులు స్క్రీన్‌షాట్లు తీసి దాచాలి. చాలామంది భయంతో ముందు అన్నీ చెరిపేసి, తర్వాత చూపించడానికి ఏమీ లేక ఇబ్బంది పడతారు. రిజర్వ్ బ్యాంక్ గుర్తింపున్న సంస్థ తరఫున వసూలుకి ఫోన్ చేసేవాళ్ళు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. ఇంకోటి వాడికి తప్పకుండా చెప్పండి: ఆర్మీ యాక్ట్ 28వ సెక్షన్ ప్రకారం అప్పు డిక్రీ కింద సివిల్ కోర్టు సైనికుడి జీతాన్ని జప్తు చేయించలేదు, 29వ సెక్షన్ ప్రకారం అప్పు కోసం అరెస్టు చేయించలేదు. "రేపే నీ యూనిట్‌కి పోలీసులొస్తారు" అని వాళ్ళు పెట్టే మెసేజ్ బెదిరింపే. అలాగని అప్పు ఎగ్గొట్టొచ్చని కాదు. తోటివాళ్ళ 90,000 ముందు తీర్చాలి, నెలకు ఇంత అని చెప్పి. అది చిన్న మొత్తమే, కానీ రోజూ వాళ్ళ మొహాలు చూస్తూ తింటున్నాడు.

మీరొకటి చేయకండి. మీ జేబులోంచి ఇవ్వకండి. మందిరం హుండీ డబ్బు, నిధి డబ్బు సర్దుబాటుగా కూడా ముట్టకండి. ఆ లెక్క ఆడిట్‌లో తేడా వస్తే మీ ఇద్దరూ మునుగుతారు. ఇచ్చిన రోజు నుంచీ వాడు మీ దగ్గరికి మనసు విప్పుకోవడానికి రాడు, అప్పులవాడి దగ్గరికి వచ్చినట్టు వస్తాడు. "ఇక జన్మలో బెట్టింగ్ ఆడను" అని దేవుడి ముందు ప్రమాణం చేయించకండి. ఇది అలవాటు ముదిరిన జబ్బు. ఒకసారి జారితే, ఆడిన పాపానికి ఒట్టు తప్పిన పాపం తోడై ఇంకా కిందికి పోతాడు. దానికి బదులు ఫోన్ జీతం రోజున బడ్డీ దగ్గర ఉంచడం, బ్యాంకు ఖాతా తండ్రితో కలిపి ఉమ్మడిగా మార్చడం లాంటివి చేయించండి.

మిగతా కుర్రాళ్ళు రారేమోనన్న భయానికి మందు ముందుగానే చెప్పే మాటలో ఉంది. వచ్చే ఆదివారమే అందరికీ చెప్పండి, హిందీలో, రెండు వాక్యాల్లో: మీ ఇంటి గొడవ, మీ తప్పు, దేవుడిమీద మీ కోపం, ఏదైనా నా దగ్గరే ఉంటుంది. కానీ మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పనిపిస్తే ఒక్కణ్ణే మోయను, మీకు చెప్పాకే ఇంకొకరి సాయం తీసుకుంటాను. ఎవరైనా తలుపు తీసుకుని లోపలికొచ్చి "పండిత్‌జీ, ఒకటి చెప్పాలి, ఎవరికీ చెప్పొద్దు" అన్నప్పుడు, వాళ్ళు మొదలుపెట్టక ముందే ఇదే మాట మళ్ళీ చెప్పండి. ముందే చెప్పిన హద్దును ఎవరూ ద్రోహం అనరు. అప్పటికప్పుడు జాలితో సరేనని తర్వాత తప్పినదాన్నే ద్రోహం అంటారు.

చివరగా ప్రవచనాల గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో మీరు దీన్ని చివర్లో పెట్టినా కథ మొదలైంది ఇక్కడే.

"స్వధర్మే నిధనం శ్రేయః" మద్రాస్ రెజిమెంట్ ధ్యేయవాక్యం. చిన్న మాట కాదు. యుద్ధానికి వెళ్ళే దళం ముందు అది నిలబెడుతుంది. కానీ మందిర్ పరేడ్‌లో మీ ముందు కూర్చున్న మూడొందల మందిలో ఇద్దరో ముగ్గురో అప్పటికే చావుగురించి ఆలోచిస్తూ ఉండొచ్చు. వాళ్ళ చెవికి "స్వధర్మే" వినపడదు, "నిధనం శ్రేయః" వినపడుతుంది. ఆ శ్లోకం చెప్పొద్దనను. చెప్పినప్పుడు, అది పరధర్మం వైపు మొగ్గకుండా తన పని తాను చేయడం గురించి అన్న మాట అని, తనంత తాను ప్రాణం తీసుకోవడం గురించి కాదని అదే నోటితో, తేట మాటల్లో చెప్పండి. మీ కుర్రాడు హల్వా పట్టుకుని అడిగింది శ్లోకార్థం కాదు.

గీతనే తీసుకుని వేరే చోట మొదలుపెట్టొచ్చు. మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంటి సంగతి చెప్పుకుంటాడు. కాళ్ళూచేతులూ సడలిపోతున్నాయి, నోరెండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారుతోంది. ఫస్ట్ పోస్టింగ్‌లో మొదటిసారి ఫైరింగ్ విన్న ఏ జవానుకైనా ఇది తెలిసిన ఒళ్ళే. రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు ఏమన్నాడు? పిరికితనం నీకు తగదు, లే అన్నాడు. మన ట్రైనింగ్ ఉస్తాద్‌లు అనే మాటే. అది పనిచేసిందా? లేదు. అర్జునుడు "నాకు దిక్కు తోచడం లేదు, శిష్యుణ్ణి, చెప్పు" అని, యుద్ధం చేయనని, నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ మౌనం తర్వాతే అసలు బోధ మొదలైంది. గద్దింపు పనిచేయనప్పుడు సాక్షాత్తూ కృష్ణుడే రథం ఆపి కూర్చుని మాట్లాడాడని మూడొందల మంది ముందు చెబితే, ఆ వెనక వరసల్లో కూర్చున్న హవల్దార్లకు కూడా పనికొస్తుంది. ఆరో అధ్యాయంలో "ఉద్ధరేదాత్మనాత్మానం" ఉంది. తనను తాను కుంగదీసుకోకూడదనే మాట అందులో స్పష్టంగా ఉంది. ఇలాంటి కుర్రాళ్ళకు నాకు తెలిసి దానికి మించిన వాక్యం లేదు.

నలభై నిమిషాలు వద్దు, పన్నెండు చాలు. మందిర్ పరేడ్ పరేడే, రావడం ఆజ్ఞ. ఆజ్ఞతో వచ్చినవాడు కూర్చుంటాడు, వింటాడని లేదు. ఒక శ్లోకం, దానికి సరిపోయే యూనిట్ జీవితంలోని ఒక సందర్భం, ఈ వారం చేయగల ఒక పని. ఉదాహరణకు, ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు గురించి ఒక్క నిజమైన మాట చెప్పండి. లేదా, మీ బడ్డీ సరిగ్గా నిద్రపోతున్నాడా అడగండి. శీలం గురించి గంటసేపు చెప్పిన దానికంటే ఇలాంటివి ఎక్కువ అంటుకుంటాయి.

ధర్మగురువు ఉద్యోగ ప్రకటనలోనే మీ పనుల జాబితా ఉంది, ఒకసారి మళ్ళీ చదవండి. గ్రంథబోధ, పూజలు మొదటి వాక్యంలోనే అయిపోతాయి. ఆ తర్వాతవి చాలావరకు అంత్యక్రియలకు వెళ్ళడం, ఆసుపత్రిలో రోగులను చూడటం, కోలుకుంటున్నవాళ్ళతో ప్రార్థన చేయడం, శిక్ష అనుభవిస్తున్న సైనికుల దగ్గరికి వెళ్ళడం. ఈ నాలుగూ మందిరం గడప దాటి చేసే పనులే. యూనిట్ వైద్య గది అయిన ఎంఐ రూమ్‌కి రోజూ పది నిమిషాలు వెళ్ళండి. క్వార్టర్ గార్డ్‌లో శిక్షలో ఉన్నవాడి దగ్గర కూర్చోండి, ఉపన్యాసం లేకుండా. నెలకోసారి పైపోస్టుకి వెళ్ళి రాత్రి అక్కడే ఉండండి. మీ యూనిట్‌లో ఉన్న కొద్దిమంది క్రైస్తవ, ముస్లిం జవాన్లకు సొంత గురువు దగ్గర్లో లేకపోతే వాళ్ళకు మీరే దిక్కు. వాళ్ళకు మీ మతం చెప్పనక్కర్లేదు. వాళ్ళ పండగ రోజు అన్ని మతాలకూ కలిపి ఉన్న సర్వధర్మ స్థల్‌లో వాళ్ళ మూల శుభ్రంగా ఉందా, స్టేషన్‌లోని పాద్రీతో, మౌల్వీతో ఫోన్ కలపగలరా, అంతే. పుణెలో మిమ్మల్ని వేర్వేరు మతాలవాళ్ళతో ఒకే బెంచీమీద కూర్చోబెట్టింది దీనికే.

రేపటి సంగతికొస్తాను. కసమ్ పరేడ్ రోజున ఆ కుర్రాడు పవిత్ర గ్రంథంమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినప్పుడు పక్కన మీలాంటి పండితుడే నిలబడ్డాడు. ఇప్పుడు మీరు కూర్చోవాల్సింది ఎంఐ రూమ్ బల్లమీద, వాడి పక్కన. వాడు ఆసుపత్రికి వెళ్ళాల్సొస్తే మొదటి వారంలోనే చూడటానికి వెళ్ళండి. హల్వా తీసుకెళ్ళండి, ఈసారి కూర్చుని ఇద్దరూ కలిసి తినండి. తిరిగి యూనిట్‌కి వచ్చినరోజు సాయంత్రం ఆరతికి వాడు రాకపోతే మీరే బరాక్‌కి వెళ్ళి, ఎప్పటిలా తెలుగులో పలకరించండి.